పరుగు ముగిశాక మనసుకు దిగులెందుకు?

ఒక చిన్న ఊహతో మొదలుపెడదాం. మీరు మీ స్కూలు తరఫున జిల్లా క్రీడల్లో 3,000 మీటర్ల పరుగుకు ఎంపికయ్యారు. మూడు నెలలపాటు తెల్లవారుజామున ఐదింటికే లేచి చెరువు గట్టు మీద పరుగెత్తారు. సాయంత్రం డ్రిల్లు మాస్టారు విజిల్ వేస్తుంటే మైదానం చుట్టూ తిరిగారు. మిరపకాయ బజ్జీలు మానేశారు. రాత్రి తొమ్మిదింటికల్లా పడుకున్నారు. క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, రోజూ దాన్ని చూసుకున్నారు.

ఆ రోజు రానే వచ్చింది. బాగా పరుగెత్తారు. రెండో బహుమతి వచ్చింది. స్నేహితులు భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఇంటికి రాగానే అమ్మ దిష్టి తీసింది. సోమవారం ప్రార్థన సమయంలో హెడ్మాస్టరు గారు మీ పేరు చదివితే అందరూ చప్పట్లు కొట్టారు.

మరి బుధవారానికి ఏమైంది? ఐదింటికే మెలకువ వచ్చింది కానీ లేవబుద్ధి కాలేదు. అన్నం సయించలేదు. ఊరికే తమ్ముడి మీద విసుక్కున్నారు. గోడకున్న మేకుకు పతకం వేలాడుతోంది. దాన్ని చూస్తే "ఇంతేనా?" అనిపించింది. "గెలిచాను కదా, సంతోషంగా ఉండాలి కదా, మరి ఇలా ఎందుకుంది? నాలో ఏదైనా లోపం ఉందా?" అని భయం కూడా వేసింది.

లోపమేమీ లేదు. చాలాకాలం ఒకే లక్ష్యం కోసం పాటుపడి దాన్ని చేరుకున్నవారిలో ఎందరికో ఇలాగే జరుగుతుంది. మన శరీరం, మన మెదడు పనిచేసే తీరులోనే దీనికి కారణాలున్నాయి. అవేమిటో తెలుసుకుంటే భయం సగం తగ్గుతుంది. ఏం చెయ్యాలో కూడా తెలుస్తుంది.

ఇది మీ ఒక్కరికే కాదు

మీ ఇంట్లో అక్క పెళ్ళి జరిగిందనుకోండి. నెలరోజులు ఒకటే హడావుడి. చుట్టాలు, పందిరి, సన్నాయి, వంటలు. అక్కను అత్తవారింటికి పంపి, పందిరి విప్పేశాక ఇల్లు ఎలా ఉంటుంది? బోసిపోతుంది. పెళ్ళి బాగా జరిగింది, అందరికీ సంతోషమే. అయినా అమ్మ ఒక మూల కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు అయిపోయిన మూడో రోజు కూడా అంతే. "పరీక్షలయ్యాక అది చేస్తాం, ఇది చేస్తాం" అనుకున్న పిల్లలు ఏమీ తోచక గుమ్మంలో కూర్చుంటారు.

42.195 కిలోమీటర్ల మారథాన్ పరుగెత్తేవారికి ఈ సంగతి బాగా తెలుసు. హైదరాబాదులోను, విశాఖపట్నంలోను కూడా ఈ పరుగులు జరుగుతున్నాయి. దీనికోసం నాలుగైదు నెలలు సాధన చేస్తారు. పరుగు అయ్యాక వచ్చే దిగులుకు వాళ్ళు "మారథాన్ బ్లూస్" అని ఒక పేరే పెట్టుకున్నారు. (పూర్తి మారథాన్‌కు సాధారణంగా 18 ఏళ్ళు నిండినవారినే అనుమతిస్తారు. మీరు తొందరపడనక్కరలేదు.)

పరుగు పందేలలోనే కాదు, ఇతర రంగాలలో కూడా ఇలాంటి అనుభవాలున్నాయి. 2008 ఆగస్టు 11న బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో స్వర్ణపతకం గెలిచాడు. ఒలింపిక్స్‌లో ఒక భారతీయుడు ఒంటరిగా సాధించిన మొదటి స్వర్ణం అది. దేశమంతా పండుగ చేసుకుంది. కానీ ఆ విజయం తర్వాత తన మనసంతా శూన్యమైపోయిందని, తన జీవితంలో అతి కష్టమైన మానసిక స్థితి గెలిచాకనే వచ్చిందని ఆయనే పలుమార్లు చెప్పాడు. ఎన్నో ఏళ్ళుగా రోజూ తనను నిద్ర లేపిన లక్ష్యం ఒక్కసారిగా లేకుండా పోయింది మరి! ఆ తర్వాత ఆయన కోలుకున్నాడు. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో మళ్ళీ స్వర్ణం గెలిచాడు.

1969 జూలైలో చంద్రుడి మీద కాలుమోపిన రెండో మనిషి బజ్ ఆల్డ్రిన్ కథ కూడా ఇలాంటిదే. భూమికి తిరిగి వచ్చాక ఆయన తీవ్రమైన మానసిక కుంగుబాటుకు లోనయ్యాడు. అందుకు వేరే కారణాలు కూడా ఉన్నాయి. కానీ "చంద్రుడి దాకా వెళ్ళివచ్చాను, ఇక చెయ్యవలసిందేమిటి?" అన్న ప్రశ్న ఆయనను బాగా వేధించింది. ఆయన చికిత్స తీసుకుని కోలుకున్నాడు. తన అనుభవాన్ని దాచకుండా 1973లో పుస్తకంగా రాశాడు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. 1984లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరోవంతు తేడాతో కాంస్యపతకం పోగొట్టుకుంది. అది ఓడిన బాధ. దానికి కారణం అందరికీ అర్థమవుతుంది, అందరూ ఓదారుస్తారు. గెలిచినవాడి దిగులు వేరు. అది ఎవరికీ కనిపించదు, చెబితే నమ్మరు. "గెలిచి కూడా ఏడుపేమిట్రా?" అంటారు. అందుకే చాలామంది లోలోపలే దాచుకుంటారు. దిగులుకు సిగ్గు తోడవుతుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఆగినా ఆగని లోపలి చక్రం

మీరు చిన్నప్పుడు ఒప్పుల కుప్ప ఆడే ఉంటారు. ఇద్దరు చేతులు పట్టుకుని గిరగిరా తిరుగుతారు. ఆగిపోయాక ఏమవుతుంది? మీరు ఆగినా భూమి తిరుగుతున్నట్టే ఉంటుంది, కాళ్ళు తడబడతాయి. మన లోపలి చెవిలో అర్ధవర్తులాకారపు గొట్టాలుంటాయి. వాటిలోని ద్రవం మీతోపాటు తిరగడం మొదలుపెడుతుంది. మీరు ఆగినా అది వెంటనే ఆగదు. ఆ కాసేపూ మెదడు "ఇంకా తిరుగుతున్నాను" అనుకుంటుంది.

మూడు నెలల సాధన కూడా ఇలాంటిదే. పందెం ఒక్క క్షణంలో ఆగిపోతుంది. కానీ దానికోసం మీ శరీరం, మెదడు పెట్టుకున్న వేగం వెంటనే ఆగదు. ఆ తూలుడే మన దిగులు. ఇప్పుడు దాని భాగాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

శరీరం లెక్క

పందెం ముందు మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అధివృక్క గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఒళ్ళంతా చురుకెక్కుతుంది. పందెం అయ్యాక కొన్ని నిమిషాల్లోనే రక్తంలో అడ్రినలిన్ తగ్గిపోతుంది. అప్పటిదాకా తెలియని అలసట ఒక్కసారిగా తెలిసివస్తుంది.

రెండోది ఇంధనం. మనం తిన్న పిండిపదార్థాలలో కొంత భాగం గ్లైకోజన్‌గా మారి కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాములు నిలవ ఉంటుంది. మారథాన్ వంటి సుదీర్ఘమైన పరుగులో ఈ నిలవ దాదాపు అడుగంటుతుంది. మళ్ళీ నిండడానికి మంచి తిండి తిన్నా ఒకటి రెండు రోజులు పడుతుంది. ఇంధనం తక్కువైనప్పుడు చిరాకు ఎక్కువవుతుందని ఆకలితో ఉన్న ఎవరిని చూసినా తెలుస్తుంది.

మూడోది మరమ్మతు. గట్టిగా పరుగెత్తినప్పుడు కండరాల పోగుల్లో సూక్ష్మమైన గాయాలవుతాయి. కాళ్ళ నొప్పులు పందెం రోజు కంటే ఒకటి రెండు రోజుల తర్వాత ఎక్కువగా ఉండడం మీరు గమనించే ఉంటారు. ఈ గాయాలను బాగుచేసే పనిలో శరీరం సైటోకైన్లు అనే పదార్థాలను విడుదల చేస్తుంది. మారథాన్ తర్వాత రక్తంలో వీటిలో కొన్ని ఎన్నో రెట్లు పెరుగుతాయి. జ్వరం వచ్చినప్పుడు "ఎక్కడికీ వెళ్ళకు, పడుకో" అని మెదడుకు చెప్పేవాటిలో ఇలాంటి పదార్థాలూ ఉంటాయి. కాబట్టి బుధవారం నాడు మీకు కలిగిన నిరాసక్తతలో కొంత భాగం శరీరం అడిగిన సెలవు మాత్రమే.

నాలుగోది వ్యాయామం ఆగిపోవడం. రోజూ వ్యాయామం చేసేవారిని కొన్నాళ్ళు పూర్తిగా ఆపమని చెప్పి చూసిన పరిశోధనల్లో వారికి దిగులు, చిరాకు పెరిగినట్టు తేలింది. మూడు నెలలు పరుగెత్తి, ఒక్కసారిగా మంచం ఎక్కితే మనసు కూడా మొరాయిస్తుంది.

కోతి, పండ్ల రసం, మెదడు

ఇప్పుడు మెదడు సంగతి చూద్దాం. వోల్ఫ్‌రామ్ షుల్ట్స్ అనే శాస్త్రజ్ఞుడు స్విట్జర్లాండ్‌లో కోతులపై కొన్ని ప్రయోగాలు చేశాడు. వాటి ఫలితాలు 1990లలో ప్రసిద్ధికెక్కాయి. కోతి మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే నాడీకణాలను ఆయన గమనిస్తూ, కోతికి పండ్ల రసం చుక్క ఇచ్చాడు. మొదట్లో రసం నోట్లో పడగానే ఆ కణాలు చురుగ్గా స్పందించాయి. తర్వాత ప్రతిసారీ రసం ఇచ్చే ముందు ఒక సంకేతం చూపించాడు. కొన్నాళ్ళకు ఏమైందో తెలుసా? సంకేతం కనిపించగానే కణాలు స్పందించడం మొదలుపెట్టాయి. రసం వచ్చినప్పుడు మాత్రం వాటిలో ప్రత్యేకమైన చలనమేమీ లేదు! అనుకున్నది అనుకున్నట్టే వచ్చింది, అందులో కొత్తేముంది అన్నట్టుగా ఊరుకున్నాయి. సంకేతం చూపించి రసం ఇవ్వకపోతే, రసం రావలసిన క్షణంలో వాటి స్పందన మామూలు కంటే కూడా తగ్గిపోయింది.

అంటే ఈ కణాలు వచ్చిన బహుమతిని దాని విలువతో కొలవడం లేదు. మనం ఆశించినదానికి, వచ్చినదానికి మధ్య ఉన్న తేడాతో కొలుస్తున్నాయి. కోతి పండ్ల రసం, మనిషి పతకం ఒకటే కాదనుకోండి. మనిషి మనసు చాలా చిక్కుముడులున్నది. అయినా ఈ ప్రయోగం ఒక దారి చూపిస్తుంది. మూడు నెలలు రోజూ రాత్రి కళ్ళు మూసుకుని పతకాన్ని ఊహించుకున్నారు. చెరువు గట్టు మీద వేసిన ప్రతి అడుగులోనూ కొంచెం కొంచెంగా ఆ సంతోషాన్ని అనుభవించేశారు. కాబట్టి పతకం చేతికి వచ్చిన రోజున మిగిలింది తక్కువే. మీ సంతోషం ఎక్కడికీ పోలేదు. ఎక్కువ భాగం దారిలోనే మీకు ముట్టింది.

ఎర్ర కాగితం ప్రయోగం

ఒక ఎర్ర కాగితం ముక్క తీసుకోండి. మంచి వెలుతురులో దాన్ని 30 సెకన్లపాటు కళ్ళు కదపకుండా చూడండి. తర్వాత తెల్ల గోడ వైపు చూడండి. గోడ మీద ఏం కనిపిస్తుంది? నీలం కలిసిన ఆకుపచ్చ రంగు మచ్చ! ఎరుపు పోగానే దానికి ఎదురైన రంగు కాసేపు పైకి వస్తుందన్నమాట.

భావాల విషయంలో కూడా ఇలాగే జరుగుతుందని 1974లో రిచర్డ్ సోలమన్, జాన్ కార్బిట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. ఒక బలమైన భావం కలిగినప్పుడు, దాన్ని అదుపులో ఉంచడానికి మెదడులో దానికి ఎదురైన చర్య ఒకటి మెల్లగా మొదలవుతుంది. మొదటి భావానికి కారణం పోగానే అది తగ్గిపోతుంది. ఎదురు చర్య మాత్రం మెల్లగా మొదలైనట్టే మెల్లగా తగ్గుతుంది. ఆ మధ్యకాలంలో అదొక్కటే మిగిలి, పైకి కనిపిస్తుంది. మొదటిసారి పారాచ్యూట్‌తో దూకేవారు గాలిలో హడలిపోతారు. నేలకు దిగిన కాసేపటికి నవ్వుతూ, గలగలా మాట్లాడుతూ ఉంటారు. భయం వెనక ఉల్లాసం వచ్చినట్టే, గొప్ప ఉల్లాసం వెనక కొంత దిగులు వస్తుంది. ఈ సిద్ధాంతం అన్నిటినీ వివరించలేదు. కానీ ఒక ముఖ్యమైన విషయం గుర్తుచేస్తుంది: గోడ మీది ఆకుపచ్చ మచ్చ ఎలా చెరిగిపోతుందో, ఆ దిగులు కూడా అలాగే చెరిగిపోతుంది.

ఖాళీ అయిన రోజు

ఇంకొక కారణం ప్రయోగశాల లేకుండానే తెలుస్తుంది. మూడు నెలలు మీ రోజుకు ఒక ఆకారం ఉంది. ఎప్పుడు లేవాలి, ఏం తినాలి, ఎవరితో పరుగెత్తాలి అన్నీ నిర్ణయమై ఉన్నాయి. "ఎందుకు లేవాలి?" అన్న ప్రశ్నే లేదు. మీతో పరుగెత్తే స్నేహితులు, సమయం లెక్కపెట్టే మాస్టారు, "ఇవాళ ఎన్ని చుట్లు?" అని అడిగే నాన్న ఉన్నారు. పందెం అయ్యాక అవన్నీ ఒకేసారి ఆగిపోయాయి. పతకం వచ్చింది, పందిరి పోయింది. మీరు వెతుక్కుంటున్నది ఆ పందిరినే.

మరి ఏం చెయ్యాలి?

1. ముందుగానే మర్నాటి కాగితం రాసుకోండి. పందేనికి వారం ముందే, పందెం తర్వాత ఏడు రోజులు ఏం చేస్తారో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. మేనత్త ఇంటికి వెళ్ళడం, ఆగిపోయిన పుస్తకం చదవడం, బాకీపడిన నోట్సు రాసుకోవడం - ఏదైనా సరే. దిగులు వస్తుందని ముందే తెలిసినవాడు అది వచ్చినప్పుడు బెదిరిపోడు.

2. తినండి, నిద్రపోండి. అన్నం, పప్పు, గుడ్డు, అరటిపండు, మజ్జిగ, వేరుశనగ ఉండలు - ఇవి చాలు. మీ వయసులో రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. చాలాసార్లు రెండు మంచి నిద్రల తర్వాత లోకం వేరుగా కనిపిస్తుంది.

3. పూర్తిగా ఆగిపోకండి, వెంటనే పరుగెత్తకండి. మూడు నాలుగు రోజులు నడవండి, సైకిలు తొక్కండి, స్నేహితులతో సరదాగా ఆడుకోండి. తర్వాత మాస్టారిని అడిగి మెల్లగా పరుగు మొదలుపెట్టండి.

4. ఇంకో పందేనికి తొందరపడకండి. దిగులు పోగొట్టుకోవడానికి చాలామంది వెంటనే ఇంకా పెద్ద పందేనికి పేరిస్తారు. మానని కండరాలతో పరుగెత్తి గాయపడతారు. కోత కోసిన మర్నాడే రైతు మళ్ళీ నాట్లు వెయ్యడు కదా! గింజలు ఇంటికి చేరుస్తాడు, నేలను ఆరనిస్తాడు. మీరు కూడా ముందు మీ పంటను ఇంటికి చేర్చుకోండి. ఈ మూడు నెలల్లో ఏం నేర్చుకున్నారు? ఏ రోజు అతి కష్టమనిపించింది? ఎవరు సాయపడ్డారు? రెండు పేజీలు రాయండి. సాయం చేసినవారి దగ్గరికి వెళ్ళి ఆ మాట చెప్పండి.

5. మైదానానికి వేరే పనిమీద వెళ్ళండి. ఆరో తరగతి పిల్లలు పరుగెత్తుతుంటే స్టాప్‌వాచీ పట్టుకోండి. పోగొట్టుకున్న స్నేహబృందం మళ్ళీ దొరుకుతుంది. పరుగంటే పతకం ఒక్కటే కాదన్న సంగతి కూడా అక్కడే తెలుస్తుంది.

6. ఎవరితోనైనా చెప్పండి. "గెలిచాను కానీ ఎందుకో దిగులుగా ఉంది" అని అమ్మతోనో, మాస్టారితోనో, పోయిన ఏడాది ఇదే పందెం పరుగెత్తిన అన్నయ్యతోనో అనండి. "నాకూ అలాగే అయింది" అన్న జవాబు మీరనుకున్నదానికంటే ఎక్కువసార్లు వినిపిస్తుంది.

ఎప్పుడు ఉపేక్షించకూడదు?

మామూలు దిగులు కొద్దిరోజుల్లో తగ్గుముఖం పడుతుంది. మధ్యమధ్య నవ్వు వస్తుంది, ఇష్టమైన కూర వండితే ఇంకొంచెం వేసుకోబుద్ధి అవుతుంది. అలా కాకుండా రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే, నిద్ర, ఆకలి పూర్తిగా చెడిపోతే, దేనిమీదా ఆసక్తి లేకపోతే, అది మామూలు దిగులు కాకపోవచ్చు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా పెద్దవాళ్ళకు చెప్పండి. పరుగైనా, పరీక్షా ఫలితాలైనా ఇదే మాట. కాలు విరిగితే డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి సిగ్గుపడం. మనసు విషయంలోనూ సిగ్గు అక్కరలేదు. 2022లో భారత ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నెంబరులో ఎప్పుడైనా, ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ స్నేహితుడు ఇలా ఉన్నట్టు గమనిస్తే మీరే తోడుగా వెళ్ళండి.

ఇప్పుడు మళ్ళీ ఆ బుధవారం ఉదయానికి వద్దాం. ఐదింటికి మెలకువ వచ్చింది, లేవబుద్ధి కావడం లేదు. ఇప్పుడు మీకు సంగతి తెలుసు. కండరాలు మరమ్మతులో ఉన్నాయి. లోపలి చక్రం ఇంకా ఆగలేదు. గోడ మీద ఆకుపచ్చ మచ్చ కనిపిస్తోంది, అంతే. ఇంకో గంట పడుకోండి. లేచాక పరుగు కోసం కాకుండా, ఊరికే చెరువు గట్టు మీదికి నడిచి వెళ్ళండి. మూడు నెలలు గడియారం చూస్తూ పరుగెత్తిన ఆ దారిలో ఏయే చెట్లున్నాయో, ఏయే పిట్టలున్నాయో బహుశా మీరింకా సరిగ్గా చూసి ఉండరు.

చేసి చూడండి

మీ స్కూల్లో వార్షికోత్సవమో, ఆటల పోటీలో, పరీక్షలో జరగబోతున్నప్పుడు ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. దానికి వారం ముందు నుంచి రెండు వారాల తర్వాత వరకు రోజూ రాత్రి మీ ఉత్సాహానికి 10కి ఎన్ని మార్కులో వేసుకోండి. ఎన్ని గంటలు నిద్రపోయారో పక్కనే రాయండి. చివర గ్రాఫు కాగితం మీద రెండు గీతలు గీయండి. ఉత్సాహం ఏ రోజున అన్నిటికంటే ఎక్కువగా ఉంది? ఆ రోజునా, దాని ముందు రోజునా? ఏ రోజున అడుగుకు దిగింది? ఎన్ని రోజులకు మామూలుకు వచ్చింది? నిద్ర గీతకు, ఉత్సాహం గీతకు ఏమైనా సంబంధం కనిపించిందా? నలుగురైదుగురు స్నేహితులు కలిసి చేస్తే, మీ గ్రాఫులను పక్కపక్కన పెట్టి చూసుకోండి.